బోర్లించిన గ్లాసు

రికార్డు 61

ఇదిగో పెట్టే, వింటున్నావా? ఎర్ర దీపం వెలిగింది కాబట్టి వింటున్నావనే అనుకుంటాను. రోజూ ఏం జరిగిందో నీకు చెప్పమని గట్టు మీది డాక్టరమ్మగారి ఆర్డరు. సముద్రం మీద తేలే ఈ పంట్ల ఊళ్లో జనం ఆరోగ్యం చూసే మనిషిని నేనే. పేరు సువార్త. ఆ పేరు పెట్టుకుని ఇన్నాళ్లలో డాక్టరమ్మగారికొక్క మంచి కబురు చెప్పిన పాపాన పోలేదు. ఇవాళ కూడా లేదు.

పంట్లని కట్టే మోకులు పేనే ఏసోబు పొద్దున పోయాడు.

నేను ఎండబాన అడుగున ఉప్పు గీకుతున్నాను. గాజు మూత తీసి, నిన్నటి ఎండకి కారిన మంచినీళ్లు కుండలోకి వంపుకుని, గీకుడు మొదలుపెట్టానో లేదో గంగాభవాని కేక వినపడింది. ఏసోబు పెళ్లామే. బాన అలాగే వదిలేసి పరిగెత్తాను. పంటుకీ పంటుకీ మధ్య పలకల మీద పరిగెత్తకూడదని పిల్లల్ని తిట్టేది నేనే, అయినా పరిగెత్తాను. వెళ్లేసరికి ఆవిడ మొగుడి తల ఒళ్లో పెట్టుకుని చెంచాతో నీళ్లు పోస్తోంది. అవి పెదాల పక్కనుంచి కారిపోతున్నాయి. గుటకజబ్బంటే అదే. గొంతు లోపల వాచి మూసుకుపోతుంది. ఇంటినిండా నీళ్లున్నా మనిషి దాహంతో పోతాడు. పట్టినవాళ్లలో గట్టెక్కేది ఏ కొద్దిమందో.

అది ఎంగిలిలో ఉంటుందని డాక్టరమ్మగారు చెప్పారు. పట్టిన మనిషి చాలా రోజులు బాగానే తిరుగుతాడట, తెలియకుండానే పంచుతాడట. అందుకని ఎవరి గ్లాసు వాళ్లు వాడుకోండి, అంతే, అన్నారు. అంతేట! గట్టు మీద కూర్చుని ఎన్నయినా చెప్పొచ్చు. ఇక్కడ ఎవరింటికి వెళ్లినా ఆ ఇంటావిడ గ్లాసుతో నీళ్లు తెచ్చి, ముందు తనో గుక్క తాగి, అదే గ్లాసు మన చేతిలో పెడుతుంది. మనం తాగాలి. దాహం ఏళ్లలో విషపు నీళ్లు అమ్మి జనాన్ని చంపారు, అప్పట్నుంచీ ఇదే మర్యాద. తాగలేదంటే నీ నీళ్లు విషం అన్నట్టే. ఇక ఆ ఇంటితో తెగిపోయినట్టే.

ఏసోబు ఇంటికి పరామర్శకి ఊరంతా వచ్చింది. గంగాభవాని ఏడుస్తూనే ఒక్కొక్కళ్లకీ గుక్క తాగి అందించింది. నేను గుమ్మంలో నిలబడి "వద్దర్రా, నా మాట వినండర్రా" అంటూనే ఉన్నాను. అందరికన్నా ముందు ఆ గ్లాసు అందుకుని తాగిందెవరో తెలుసా? మా అత్త వజ్రమ్మ. తాగి నా వంక ఓ చూపు చూసింది కూడాను.

ఒక్కటి మాత్రం దాచకుండా చెప్పేస్తాను. నాకు ఊరంతా ఒక ఎత్తు, నా కూతురు కెజియా ఒక ఎత్తు. దానికి ఎనిమిదో నెల. తూర్పు వరస పంట్లలో అత్తారింట్లో ఉంది. వచ్చే పున్నమికి మా ఇంట్లో దాని గుక్కల పండగ. వరసలో ఆడవాళ్లంతా, నలభై మంది, ఒకే గ్లాసులో తలో గుక్క తాగి, చివరికి ఆ గ్లాసు కడుపుతో ఉన్న పిల్లకి తాగిస్తారు. నలభై మంది ఎంగిలి నా పిల్ల నోట్లోకి. ఇవాళ్టికి చాలు.

రికార్డు 63

గట్టు మీంచి కబురొచ్చింది. జనాన్ని భయపెట్టు, భయమేస్తే వాళ్లే జాగ్రత్త పడతారు అని. భయపెట్టడం నాకు చేతగాని పనా? మైకు పట్టుకుని ఏసోబు ఎలా పోయాడో పూసగుచ్చినట్టు చెప్పాను. నాలుక ఎలా నల్లబడిందో, నీళ్లకోసం చేత్తో ఎలా సైగ చేశాడో, అన్నీ. పిల్లలు ఏడ్చారు. ఆడవాళ్లు గుడ్డ తలుపులు దించేసుకున్నారు. హమ్మయ్య, పని జరిగింది అనుకున్నాను.

ఏం జరిగింది నా మొహం. చీకటి పడేలోపు ఒక్కొక్కళ్లే లేచి పక్క పంట్ల మీదికి చేరారు. భయమేసినప్పుడు మనిషి ఒంటరిగా ఉంటాడా? ఇంకో మనిషి పక్కన చేరతాడు. చేరాక గ్లాసు రాకుండా ఉంటుందా? ఒకరికొకరు ధైర్యం చెప్పుకున్నారు, గుక్క తాగి మరీ చెప్పుకున్నారు. నేను భయపెట్టకపోతే హాయిగా ఎవరింట్లో వాళ్లు పడుకునేవాళ్లు.

ఇంటికొస్తే అత్త కాచుకుని ఉంది.

"ఏమే, మైకు దొరికితే చాలు, చచ్చినోణ్ణి మళ్లీ చంపుతావా?"

"బతికున్నవాళ్లని బతికించాలని చూస్తున్నాను అత్తా. ఎవరి గ్లాసు వాళ్లు తాగితే సొమ్మేం పోయింది?"

అంతే, ముసలిదానికి ఎక్కడలేని బలం వచ్చింది. లేచి నిలబడింది. "గ్లాసు గురించి నాకు చెప్తావా నువ్వు? మా తాతమ్మలకి టీకొట్లో గ్లాసు వేరేనే. చూరులో దోపి ఉండేది. తాగి, కడిగి, మళ్లీ చూరులో దోపి పోవాలి. మంచినీళ్లయితే దోసిలి పట్టాలి. పైనుంచి పోసేవాళ్లు, చెయ్యి తగలకుండా. ఈ పంట్లు కట్టుకున్న రోజున మిగిలింది ఒక్క గ్లాసు. మా అమ్మ ముందు తాగింది. తాగి, ఆ చూరు గ్లాసు పెట్టినోళ్ల మనవడి చేతికే ఇచ్చింది. ఆడు మారు మాట్లాడకుండా తాగాడు. ఆ గుక్కతో మనం ఒక ఊరయ్యాం. ఇప్పుడు నువ్వొచ్చి ఎవరి గ్లాసు వాళ్లదంటావా!"

ఆ సొట్ట గ్లాసు ఇంకా మా ఇంట్లోనే ఉంది, అత్త దిండు పక్కన. గుక్కల పండగకి దాన్నే బయటికి తీస్తారు. మొదటి గుక్క అత్తదే. మా పుట్టింటివాళ్ల గ్లాసు కూడా చూరులోదే కదా. నోరు మూసుకుని గంజి కాచాను.

రికార్డు 66

భయంతో పని కాకపోతే తెలివితో అవుతుందేమోనని గట్టువాళ్లు పురుగుల్ని చూపించే అద్దం పంపారు. ఏసోబు గ్లాసు అంచు తుడిచిన గుడ్డ అందులో పెట్టి అందరికీ చూపించాను. వరస కట్టి చూశారు. ఒకావిడైతే "ఎంత ముద్దుగా ఉన్నాయే" అంది. తల పట్టుకున్నాను.

గంగాభవాని మాత్రం చాలాసేపు చూసింది. తల ఎత్తి అడిగింది. "ఇవేనా మా ఆయన్ని తిన్నది?"

"ఇవే."

"ఎవరి నోట్లోంచి వచ్చాయి?"

"అది చెప్పలేం భవానీ."

"మా ఇంట్లో గుక్క తాగినోళ్లంతా నా వాళ్లే. వాళ్లలో ఒకరు ఆయన్ని చంపారని నమ్మమంటున్నావు. నమ్మి, రేపట్నుంచి ఒక్కొక్కళ్ల నోటివంకా అనుమానంగా చూడమంటున్నావు. మొగుడు పోయిన దాన్ని, ఇప్పుడు ఊరు కూడా పోగొట్టుకోమంటావా సువార్తా?"

అని అక్కడే ఉన్న పక్కింటావిడ చేతిలో గ్లాసు తీసుకుని నా ఎదురుగానే తాగింది. తెలియక కాదు డాక్టరమ్మగారూ. కళ్లారా చూసి, తెలిసే తాగింది. ఇంకెన్ని అద్దాలు పంపుతారు?

మధ్యాహ్నం కెజియా పడవేసుకుని వచ్చింది. పొట్ట ముందుకి, తెడ్డు వెనక్కి, ఆయాసపడుతూ. ఆ వాలకానికి నవ్వొచ్చింది, కళ్లనీళ్లూ వచ్చాయి.

"అమ్మా, పండగ ఆపుతావని అందరూ అనుకుంటున్నారు. ఆపకు."

"ఎందుకే ఆపకూడదు? నీ ప్రాణం కంటే పండగ ఎక్కువా?"

"నా ప్రాణం గురించి కాదమ్మా. గుక్కలు లేకుండా పుట్టిన బిడ్డని మోకు లేని బిడ్డంటారు. సరంగు మంచినీళ్ల వాటా ఇవ్వడు. గట్టిగా ఎండలు కాస్తే మొదట దాని నోరే ఎండుతుంది. నువ్వు నన్ను కాపాడతావు సరే, దాన్నెవరు కాపాడతారు?"

సరంగంటే త్రిమూర్తులుగారు, ఈ పంట్లన్నిటికీ పెద్ద. ఆయన మాట దాటి ఒక్క చెంబు నీళ్లు కదలవు. లేచి దానికి నీళ్లు తెచ్చాను. ఇల్లుగలదాన్ని, ముందు నేను గుక్క తాగి ఇవ్వాలి. రోజూ రోగుల మధ్య తిరిగే నోరు ఇది. తాగలేదు. గ్లాసు అలాగే ఇచ్చాను.

కెజియా ఆ గ్లాసు వంక చూసింది, నా వంక చూసింది. మెల్లిగా పలక మీద పెట్టేసింది. ఆ ఎండలో నోరు తడుపుకోకుండానే తెడ్డేసుకుని వెళ్లిపోయింది. చిన్నప్పుడు నా ఎంగిలి అన్నం కోసం ఏడ్చిన పిల్ల అది.

రికార్డు 70

ఇవాళ నేను చేసిన పనికి నన్ను చెప్పుతో కొట్టాలి. ఎవరూ కొట్టలేదు. కొట్టినా బాగుండేది.

గట్టు పడవ గ్లాసుల పెట్టెలు తెచ్చింది. తెల్లవి, నీలివి. జబ్బున్న ఇళ్లకి నీలివి, మిగతావాళ్లకి తెల్లవి, కడిగేటప్పుడు కలిసిపోకుండా ఉంటాయి అని చీటీ. బాగుంది కదా అనుకున్నాను. బుర్ర ఉన్నదాన్నయితే రంగులు చూడగానే ఆగిపోయేదాన్ని. పండగ దగ్గరికొస్తోంది, నాకు కెజియా తప్ప ఇంకేం కనపడటం లేదు. ఇంటింటికీ తిరిగి పంచేశాను. గంగాభవానికి నీలిది. సరంగు ఇంటికి తెల్లది.

ఎండ నెత్తి మీదికొచ్చేసరికి నీలి ఇళ్లు, తెల్ల ఇళ్లు అని రెండు ఊళ్లయిపోయాయి. గంగాభవాని ఎవరింటికో మోకు ఇవ్వడానికి వెళితే లోపల్నుంచి ఎవరో అన్నారట, "నీ నీలి గ్లాసు లోపలికి తేకు భవానీ, ఆ చూరులో పెట్టు" అని. ఇక్కడ చూరంటే గుడ్డ కప్పు అంచు. అన్న మనిషి కావాలని అనలేదు, నాకు తెలుసు. గ్లాసు నేల మీద పెడితే దొర్లి సముద్రంలో పడుతుందని అని ఉంటుంది. కానీ ఆ మాట మా ఊళ్లో అనకూడదు.

గంగాభవాని ఏడుస్తూ మా ఇంటికొచ్చి అత్తకి చెప్పింది. అత్త లేచింది. కర్ర తీసుకుని పలకలన్నీ దాటుకుంటూ ఒక్కో ఇంటికీ వెళ్లింది. నీలి గ్లాసులు ఏరి సముద్రంలో పారేసింది. తర్వాత తెల్లవి. ఎవరూ అడ్డుచెప్పలేదు, తెచ్చి చేతికిచ్చారు. చివరికి నా ముందుకొచ్చి నిలబడింది.

"మళ్లీ రెండు గ్లాసులు వచ్చాయి ఈ ఊరికి. తెచ్చింది నా ఇంటి కోడలు."

అందరి ముందూ అంది. ఆవిడ ఒక్క మాట కూడా తప్పు అనలేదు, అదే నా ఖర్మ. అప్పట్నుంచీ ఏ ఇంటికి వెళ్లినా ఎవరూ నాకు నీళ్లు తేవటం లేదు. నేను కోరుకున్నది అదే కదా, ఎవరూ ఎవరికీ గ్లాసు అందించకూడదని. నా ఒక్కదాని విషయంలో మాత్రం నెగ్గాను.

రికార్డు 72

ఇంకో నాలుగిళ్లలో గుటక పడటం లేదు. రేపు కాక ఎల్లుండి పున్నమి.

డాక్టరమ్మగారూ, మీరు వింటున్నారో లేదో నాకు తెలీదు. జరిమానా వేయమన్నారు. వేస్తే ఏమవుతుందో నాకు తెలుసు, గ్లాసు గుడ్డ తలుపు వెనక్కి వెళుతుంది. ఏం చేయాలో తెలీక బాన ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఉప్పు గీకుతూ ఏడ్చాను, పని మాత్రం ఆపలేదు, ఎండ పోతే మళ్లీ నీళ్లుండవు కదా.

సరంగు త్రిమూర్తులుగారు వచ్చి గుమ్మం అవతలే నిలబడ్డారు.

"అమ్మా సువార్తా, నాకు తెలీదనుకుంటున్నావా? మా ఆవిడకి నిన్నట్నుంచి గొంతు నొప్పి. నువ్వు చెప్పేది నిజమని నాకూ తెలుసు."

"తెలిస్తే ఆపండి మరి! మీరు ఒక్క మాటంటే చాలు."

"ఏమని అనమంటావు? నేను ముందు గ్లాసు పక్కన పెడితే, ఎదుటివాడి నోరు రోత అని సరంగే అన్నట్టు. నా తాత ఎవరో నీకు తెలుసు కదా. చూరులో గ్లాసు పెట్టింది మా వాళ్లే. ఆ పని నేను మాత్రం చేయలేను. చస్తే చస్తాను."

ఆయన వెళ్లిపోయాక మళ్లీ ఉప్పు గీకుడు మొదలుపెట్టాను. అందరికీ తెలుసు. అందరికీ భయమే. ముందుగా ఎదుటిమనిషిని అవమానించేది ఎవరన్న దగ్గరే అంతా ఆగిపోయింది. ఆ ఒక్క పని మా ఊళ్లో ఎవరూ చేయరు.

రికార్డు 73

అత్త కూర్చునే మూల పలకల కింద చేపలు మూగుతున్నాయి.

పొద్దున బాన కడుగుతూ చూశాను. మిగతా చోట్ల ఒక్కటి లేదు, అక్కడ మాత్రం తోకలు కొట్టుకుంటున్నాయి. వంగి చూస్తే పలక సందులో గంజి మెతుకులు ఎండి ఉన్నాయి.

"అత్తా, ఎప్పట్నుంచి?"

"ఏది ఎప్పట్నుంచి?"

"నాటకాలాడకు. నేను కాచిన గంజి చేపలకి పోస్తున్నావు. నోరు తెరువు."

తెరవనంది. గడ్డం పట్టుకుని బలవంతంగా తెరిచాను. దీపం పెట్టి చూడక్కర్లేకపోయింది. గొంతు లోపల ఎర్రగా వాచి, దారి చిటికెనవేలంత మిగిలింది. కోపంతో ఒళ్లు తెలీలేదు నాకు. "ఎన్ని ఇళ్లలో తాగావు? చెప్పు! పరామర్శ అని, పలకరింపు అని, ఎన్ని ఇళ్లలో ముందు గుక్క తాగావు?" అని అరిచాను. ఆవిడ వేళ్లు మడిచి చెప్పడం మొదలుపెట్టింది. ఇప్పుడు జబ్బు పడ్డ నాలుగిళ్లూ అందులో ఉన్నాయి. సరంగు ఇల్లు ఉంది. చెప్తూ చెప్తూ ఆగిపోయింది.

"కెజియా ఇంట్లో తాగావా?" అని అడిగాను.

"లేదే. పడవెక్కలేక పోలేదు."

ఆవిడ మడిచిన వేళ్ల వంకే చూసుకుంటోంది. తల ఎత్తకుండానే అడిగింది. "అయితే నేనేనా పంచింది?"

"తెలీదు అత్తా."

"తెలీదా, చెప్పలేకపోతున్నావా?"

"రెండూ."

ఆవిడ దిండు పక్కనుంచి సొట్ట గ్లాసు తీసి బూడిదతో తోమడం మొదలుపెట్టింది, ప్రతి పండగకీ తోమినట్టే. "రేపు ఏం చేస్తావు అత్తా?" అని కాళ్లు పట్టుకుని అడిగాను. ఆ కాళ్లు మెల్లిగా వెనక్కి లాక్కుంది.

పెట్టే, నీతో చెప్తున్నాను. ఊరందరి ముందూ ఇన్నేళ్లు మొదటి గుక్క తాగిన మనిషి, నాకు రోగం అని చెప్పుకుంటుందని నేను అనుకోవటం లేదు. రేపు ఆవిడ ఆ గ్లాసు పెదాల దాకా ఎత్తితే, నేను చేత్తో కొట్టి పడేస్తాను. పండగ గ్లాసు కొట్టినదాని పంటు మోకులు కోసి సముద్రంలో వదిలేస్తారు. వదిలేయనీ. నా బిడ్డ దూరంగానైనా బతుకుతుంది.

రికార్డు 74

అందరూ వచ్చారు. రాలేని రోగులు తప్ప వరసంతా వచ్చింది. కెజియాని మడత పెట్టిన తెరచాప మీద కూర్చోబెట్టారు. కాళ్లకి పసుపు రాశారు. నా వంక చూడలేదు అది. నేను అత్త కుడిచేతికి అందేంత దూరంలో నిలబడ్డాను.

గ్లాసు నింపి అత్త చేతికిచ్చారు. రెండు చేతులతో ఎత్తింది. నేను ఒక అడుగు ముందుకి వేశాను.

"ఆగవే" అంది అత్త, నా వైపు తిరగకుండానే.

గ్లాసు గుండెల దగ్గర ఆగింది. ఆవిడ గొంతు బొంగురుపోయింది, అయినా అందరికీ వినపడింది. "నాకు గుటక పడటం లేదర్రా. చాలా రోజులైంది. దాచాను. దాచి మీ ఇళ్లకొచ్చి తాగాను. భవానీ, మీ ఆయన పోయిన రోజు నీ గ్లాసు ముందు తాగి పక్కోళ్లకి ఇచ్చింది నేనే."

అత్త కెజియా వైపు తిరిగింది.

"మా తాతమ్మకి పైనుంచి పోసినోళ్లు రోతతో పోశారు. దాని నోరు మురికన్నారు. నేను ఇయ్యాల ఎవరి నోరూ మురికనట్లేదు. నా నోరే బాగోలేదు. నా గుక్క నా మనవరాలికొద్దు. దాని మీద ప్రేమ లేక కాదు, అదంటే ప్రాణం కాబట్టి వద్దు."

అని వంగి, ఆ నిండు గ్లాసు పలక మీద బోర్లించింది. నీళ్లు సందుల్లోంచి సముద్రంలోకి పోయాయి. మా ఊళ్లో చుక్క ఒలికిస్తే పిల్లల వీపు చిట్లుతుంది. అయ్యో అని అందరి నోళ్లలోంచీ ఒకేసారి వచ్చింది. నా నోట్లోంచి కూడా వచ్చింది, సిగ్గులేకుండా.

గంగాభవాని లేచింది. అత్తని కొడుతుందేమో అనుకున్నాను. వచ్చి కూర్చుని బోర్లించిన గ్లాసు మీద చెయ్యి పెట్టింది. "నేను ఆయన్ని ఒళ్లో పెట్టుకున్నదాన్ని. నాలో ఉందో లేదో నాకు తెలీదు. నా గుక్క కూడా నీకొద్దు తల్లీ" అని కెజియా కాళ్లకి దణ్ణం పెట్టి పక్కకి జరిగింది.

ఆ తర్వాత ఒక్కొక్కళ్లే. గ్లాసు మీద చెయ్యి పెట్టడం, "నా గుక్క నీకొద్దు తల్లీ" అనడం. కొందరు ఏడుస్తూ, కొందరు పెదాలు కదిలీ కదలనట్టు. ఇద్దరు ఆడవాళ్లు "ఇదెక్కడి చోద్యం" అని లేచిపోయారు. పోనీ. బయట సరంగు ఎప్పటిలాగే అరిచారు, "గుక్కలయ్యాయా?" అని. లోపల అందరూ అత్త వంక చూశారు.

"అయ్యాయి సరంగూ. బిడ్డకి వాటా ఉంది."

బయట ఆయన అడుగులు గుడ్డ తలుపు దాకా వచ్చాయి. తర్వాత ఆయన "ఉంది" అన్నారు. కెజియా పడవలో దారికని తెచ్చుకున్న గ్లాసులో ఒక్కతే తాగింది. తాగుతూ మామ్మ వంకే చూసి ఏడ్చింది.

రికార్డు 77

ఇప్పుడు ఏ గుమ్మం ముందు చూసినా ఒక గ్లాసు బోర్లించి ఉంటోంది. ఎవరైనా వస్తే ఇంటావిడ దాని మీద చెయ్యి వేసి "నాది వద్దు వదినా" అంటుంది, వచ్చినావిడ "నాదీ వద్దు" అంటుంది. ఎవరి గ్లాసులో వాళ్లు తాగుతారు. కబుర్లు మామూలే. లేచిపోయిన ఇద్దరిలో ఒకావిడ నిన్న తనూ బోర్లించింది, అందరికన్నా పెద్ద గ్లాసు.

ఎలా మార్చావు అని అడుగుతున్నారు డాక్టరమ్మగారు. నేను మార్చలేదండీ. నేను ఇన్నాళ్లూ మైకులో ఏమరిచాను? పక్కవాళ్ల ఎంగిలి ప్రమాదం, మిమ్మల్ని మీరు కాపాడుకోండి అని. అంటే పక్కమనిషిని రోగం అనమన్నాను. మా వాళ్లు చావనైనా చస్తారు గానీ ఆ మాట అనరు. నాదే బాగోలేదేమో అని మాత్రం ఎవరైనా అనగలరు. అందులో ఎవరి పరువూ పోదు. తన ప్రాణానికి భయపడని మనిషి కూడా తన వల్ల ఇంకోళ్లు పోతారంటే వణికిపోతాడు. ఇది మీకు ముందే తెలిస్తే నాకెందుకు చెప్పలేదు?

అత్త నిన్న మధ్యాహ్నం పోయింది. చివర్లో తడిగుడ్డతో పెదాలు అద్దడం తప్ప ఏమీ చేయలేకపోయాను. మాట కూడా గాలిలాగా వచ్చేది. నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. నోటికి గుడ్డ కట్టుకుని వంగాను. ఏదో పెద్ద మాట చెప్తుందనుకున్నాను.

"ఆ గ్లాసుడు నీళ్లు పారబోశానే. మనసు ఒప్పటం లేదు" అంది.

నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి నాకు. "ఫరవాలేదులే అత్తా, బాన నిండుగా ఉంది" అన్నాను. కళ్లు మూసుకుంది.

రికార్డు 83

కొత్తగా జబ్బు పడ్డవాళ్లు ఎవరూ లేరని ఇవాళ మీకు చెప్పాలని ఎంత సంబరంగా లేచానో. పేరు నిలబెట్టుకుందామనుకున్నాను. పొద్దున గంజి గొంతులో ఆగింది.

వేడిగా ఉందేమో అనుకున్నాను. చల్లార్చుకుని తాగాను. మళ్లీ ఆగింది. మొహం చూసుకునే అద్దం తీశాను. ఇన్నాళ్లు ఎందరి నోళ్లో తెరిపించి చూసినదాన్ని, నా నోరు తెరవడానికి పూట పట్టింది. చూసుకున్నాను. కొత్త జబ్బు ఒకటి ఉందని రాసుకోండి.

కెజియా ప్రసవించిన సంగతి మీకు చెప్పాను కదా. ఇవాళ బిడ్డని తీసుకుని వస్తానని కబురు పంపింది. బిడ్డ మొదటిసారి అమ్మమ్మ ఇంటికొస్తే, అమ్మమ్మ గుక్క తాగి, ఆ తడి వేలితో బిడ్డ పెదాలు తడపాలి. కొత్త జబ్బులు ఆగిపోయాయి కదా అని ఆ వేలి గోరు కూడా కత్తిరించుకుని కూర్చున్నాను నాలుగు రోజుల్నుంచీ. ఇప్పుడు లేచి అత్త సొట్ట గ్లాసు తెచ్చి గుమ్మం ముందు పలక మీద బోర్లించాను. ఎందరికో చెప్పిన పని. గ్లాసు చేతిలోంచి వదలడం ఇంత కష్టమని నాకు తెలీదు. భగవంతుడా, ఒక్కసారి ఎత్తుకున్నాక రాకూడదా ఈ రోగం.

పడవ కనపడింది. అల్లుడు తెడ్డు వేస్తున్నాడు, అది ఒళ్లో మూటతో కూర్చుంది. దగ్గరికొస్తూ అరిచింది, "అమ్మా, మామ్మ గ్లాసు తీయడం మర్చిపోయావు! నేనే కదా వస్తున్నది!"

"మర్చిపోలేదే" అన్నాను.

అల్లుడు తెడ్డు ఆపేశాడు. కెజియా మొహం చూడలేక గ్లాసు వంక చూశాను. అది ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. పడవలోంచి తన గ్లాసు తీసి, అంచు చెక్క మీద బోర్లించి, దాని మీద చెయ్యి పెట్టింది. తర్వాత గుడ్డ తొలగించి బిడ్డని రెండు చేతుల మీదా పైకెత్తి చూపించింది. ముక్కు అచ్చం మా అత్తదే.

"పాలు తాగుతోందా?" అని అడిగాను. నా గొంతు సగం పోయింది, రెండోసారి అడగాల్సి వచ్చింది.

"గటగటా తాగుతోందమ్మా! గుటకల చప్పుడు బయటికి వినపడుతుంది. ఇంకొంచెం దగ్గరికి వస్తే నువ్వూ వింటావు, ఒక్కసారి రానా?"

వద్దన్నాను. అక్కడే ఉండి పట్టమన్నాను. పడవ అక్కడే ఊగుతూ ఉంది, అది బిడ్డకి పాలు పట్టింది, నేను గుమ్మంలో కూర్చుని చూశాను. అలల చప్పుడులో నాకేమీ వినపడలేదు.